మెమో అందగానే ముందు తారీఖు చూడండి

గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రం పూట మా ఇంటికి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో పై అధికారి సంజాయిషీ అడుగుతూ ఇచ్చిన ఒక మెమో ఉంటుంది. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగిపోయినవాణ్ని. అలాంటి మెమోలు నేనూ చాలా తయారుచేశాను. కొన్నింటిని తయారుచేయకుండా ఉండవలసింది.

మొన్న ఒక సీనియర్ అసిస్టెంటు వచ్చింది. పై అధికారి అసభ్య ప్రవర్తన మీద ఫిర్యాదు ఇచ్చిన పదకొండో రోజున, ఆలస్యంగా వస్తోందంటూ ఆమెకు మెమో ఇచ్చారు. “ఇది కక్ష కాదా బాబాయి గారూ?” అంటూ నాలుగు పేజీల ఆవేదన నా ముందు పెట్టింది. దాన్ని పక్కన పెట్టి ఒక తెల్ల కాగితం ఇచ్చాను. ఎడమవైపు తారీఖు, కుడివైపు జరిగింది, అంతే. ఫిర్యాదుకు ముందు ఆరేళ్లలో ఒక్క మెమో లేదు. ఆ ఒక్క వరుస నాలుగు పేజీల కన్నా గట్టిది.

మీ మీద వివక్ష జరిగిందని చూపాలంటే తోటివాళ్లతో పోలిక కావాలి. సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో అర్జీ పెట్టండి. తోటివాళ్ల హాజరు అడిగితే వ్యక్తిగత సమాచారమని తోసిపుచ్చుతారు. అందుకని పేర్లు అడగవద్దు. ఆ నెలలో ఆలస్యంగా వచ్చినవారు ఎందరు, వారిలో ఎందరికి మెమో ఇచ్చారని సంఖ్య మాత్రం అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు వెళ్లండి.

మెమో తీసుకోనని మొండికేయవద్దు. గడువులోగా సంజాయిషీ ఇవ్వండి, అందులో తిట్లు వద్దు. అలిగి ఇంట్లో కూర్చుంటే అనధికార గైర్హాజరు అనే కొత్త అభియోగాన్ని మీరే వాళ్ల చేతికి అందించినట్లు.

లైంగిక వేధింపుల ఫిర్యాదును పై అధికారి ద్వారా పంపనక్కరలేదు. 2013 చట్టం ప్రకారం నేరుగా అంతర్గత కమిటీకి (ఇలాంటి ఫిర్యాదుల విచారణకు కార్యాలయంలోనే ఉండే కమిటీ), చివరి ఘటన జరిగిన మూడు నెలల్లోగా, ఆరు ప్రతులు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు గడువు పెంచవచ్చు. విచారణ జరుగుతుండగా బదిలీ గానీ, మూడు నెలల వరకు అదనపు సెలవు గానీ రాతపూర్వకంగా కోరవచ్చు. ఇది తెలియక చాలామంది ఆ అధికారి ఎదుటే రోజూ కూర్చుంటున్నారు.

“ట్రిబ్యునల్‌కు వెళ్లు” అని, ఉద్యోగుల సర్వీసు వివాదాలు విన్న పరిపాలనా ట్రిబ్యునల్‌ను తలుచుకుని పాత మిత్రులు ఇంకా చెబుతుంటారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉద్యోగులకు ఇప్పుడది లేదు, అమరావతి నేలపాడులోని హైకోర్టుకే వెళ్లాలి. అక్కడ దురుద్దేశం ఆరోపిస్తే ఆ అధికారిని పేరుతో ప్రతివాదిగా చేర్చాలని మీ వకీలుకు గుర్తుచేయండి.

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి సంజాయిషీ ఇచ్చి, అందినట్లు కార్యాలయం తపాలా ముద్ర వేయించిన నకలు తెచ్చి చూపింది. ముద్రలో తారీఖు అలికిపోయింది. మళ్లీ వెళ్లి ఇన్‌వర్డ్ నంబరు (వచ్చిన కాగితాల రిజిస్టరులోని వరుస సంఖ్య), తారీఖు పెన్నుతో రాయించి, పక్కన గుమాస్తా పొట్టి సంతకం పెట్టించుకు రమ్మన్నాను.