సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో కారు వేడెక్కుతోందా?

బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో ఆగితే టెంపరేచర్ ముల్లు పైకి పోయి, హోసూరు రోడ్డులో స్పీడ్ అందుకోగానే దిగుతోందంటే ముందు అనుమానించాల్సింది రేడియేటర్ ఫ్యాన్‌నే. బండి పరుగులో ఉంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్‌దే. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో కాసేపటికే ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే మోటారు మార్పించే ముందు ఫ్యూజ్ చూడండి, తర్వాత రిలే (ఫ్యాన్‌కి కరెంటు అందించే స్విచ్ లాంటిది). ఫ్యూజ్ బాక్స్‌లో అచ్చం అదే నంబరున్న రిలే ఇంకోటి ఉంటే మార్చి పెట్టి చూడొచ్చు, పైసా ఖర్చుండదు. ఇంజిన్ ఆపినా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగొచ్చు, వేళ్లు దూరంగా ఉంచండి. హైవే మీద కూడా వేడెక్కుతుంటే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం), దాని ప్రవాహాన్ని అదుపు చేసే థర్మోస్టాట్, దాన్ని తిప్పే వాటర్ పంప్ చూపించాలి. వేడిమీద రేడియేటర్ మూత మాత్రం దయచేసి తిప్పకండి, మరిగే కూలెంట్ మొహం మీదికి చిమ్ముతుంది.