తెర సమస్యల స్వయంబోధిని – 4వ పాఠం: సున్న కోడిగుడ్డయినప్పుడు

గత పాఠంలో డివైస్ మేనేజర్ తెరిచి తెరకు బొమ్మను పంపే గ్రాఫిక్స్ కార్డు పేరును, దానిని నడిపే ప్రోగ్రామైన డ్రైవర్ తేదీని చూడడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో రెజల్యూషన్ (తెరపై అడ్డంగా, నిలువుగా ఉండే చుక్కల లెక్క), రిఫ్రెష్ రేటు (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు తాజా అవుతుందో ఆ లెక్క) తప్పినప్పుడు తప్పు డ్రైవర్‌దా, కేబుల్‌దా, మానిటర్‌దా అని తేల్చుకునే పద్ధతిని చూద్దాము.

కడపలో ఏడు రోడ్ల దగ్గర పెండ్లి పత్రికలు తయారుచేసే ఒక డీటీపీ సెంటరు యజమాని నన్ను పిలిచి, "అన్నా, సున్నలన్నీ కోడిగుడ్లయిపోయినాయి, చూడు" అన్నాడు. తెరపై అక్షరాలు అడ్డంగా సాగి కనబడుతుంటే, అవి గుండ్రంగా కనిపించేదాకా అతడు వాటి వెడల్పు తగ్గించాడు. తీరా అచ్చులో అవి సన్నగా, నిలువుగా వచ్చాయి. ఫైలు మొదటి నుంచీ సరిగానే ఉంది, సాగింది తెర మాత్రమే. కాబట్టి తెర నమ్మదగినదని తేలేవరకు డిజైన్‌ను ముట్టుకోకండి.

తేల్చుకోవడానికి ఒక స్కేలు చాలు. గీతలు గీసే ఏదైనా ప్రోగ్రాములో షిఫ్ట్ మీట నొక్కిపట్టి ఒక పెద్ద వృత్తం గీసి, స్కేలును తెరకు ఆనించి ఎత్తు, వెడల్పు కొలవండి. ఎత్తు 6 సెంటీమీటర్లు, వెడల్పు 8 సెంటీమీటర్లు వస్తే, 4:3 నిష్పత్తి గల 1024×768 మోడ్‌ను (మోడ్ అంటే ఎంచుకున్న రెజల్యూషన్, రిఫ్రెష్ రేటుల జత) 16:9 తెర నిండా సాగదీస్తున్నారని అర్థం. రెండూ సమానంగా ఉండి అక్షరాలు మాత్రం మసకగా ఉంటే, నిష్పత్తి సరిపోయింది కానీ మానిటర్ సొంత రెజల్యూషన్ కంటే తక్కువది ఎంచుకున్నారన్నమాట.

తరువాత విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరుసగా తెరిచి కార్డు పేరు, మానిటర్ పేరు రెండూ చదవండి. కార్డు పేరు ఉండవలసిన చోట మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే అసలు డ్రైవర్ పనిచేయడం లేదు, కార్డు లేదా ల్యాప్‌టాప్ తయారీదారు ఇచ్చే డ్రైవర్‌ను వేసుకోవాలి. నిన్నటిదాకా బాగుండి అప్‌డేట్ తరువాత చెడితే, డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కి పాతదానికి వెళ్లవచ్చు.

కార్డు పేరు సరిగా ఉండి, మానిటర్ పేరు దగ్గర జెనెరిక్ నాన్-పీఎన్‌పీ మానిటర్ అని ఉంటే మాత్రం డ్రైవర్ జోలికి పోకండి. నేను ఆ సెంటరులో ఇది చదవకుండా, ఒక మధ్యాహ్నమంతా డ్రైవర్ తీసి వేస్తూ గడిపాను. మానిటర్ తన కొలతలను, తాను భరించగల మోడ్‌లను ఈడీఐడీ అనే 128 బైట్ల చిన్న పట్టికలో రాసి ఉంచుతుంది. కంప్యూటర్ దానిని కేబుల్ ద్వారానే చదువుతుంది. పాత రకం మానిటర్ కేబుల్ అయిన వీజీఏ ప్లగ్‌లోని 15 పిన్నులలో ఆ సమాచారం నడిచేది మూడవ వరుసలోని 12, 15 పిన్నుల మీదుగా. అక్కడి కేబుల్‌ను విప్పి వెలుతురులో చూస్తే 12వ పిన్ను లోపలికి వంగిపోయి ఉంది. రంగులను మోసే పిన్నులు వేరు గనుక బొమ్మ వస్తూనే ఉంటుంది, అందుకే ఎవరూ కేబుల్‌ను అనుమానించరు. మధ్య వరుసలో 9వ పిన్ను లేకపోవడం చాలా కేబుళ్లలో మామూలే, దానిని చూసి కంగారు పడనక్కరలేదు. కేబుల్ మార్చగానే జాబితాలో 1920×1080 వచ్చి కూర్చుంది.

రిఫ్రెష్ రేటు విషయంలో ఊహకన్నా లెక్క మేలు. 1920×1080 బొమ్మకు చుట్టూ ఖాళీ అంచులు కలిపి మొత్తం 2200×1125 చుక్కల సమయం పడుతుంది. సెకనుకు 60 సార్లు పంపితే 14.85 కోట్ల చుక్కలు. 4కె (3840×2160) తెరకు అదే 60 సార్లకు 59.4 కోట్లు కావాలి, పాత తరం పోర్టయిన హెచ్‌డీఎంఐ 1.4 పరిమితి సెకనుకు 34 కోట్లు. అందుకే పాత పోర్టుకు 4కె టీవీని తగిలిస్తే జాబితాలో 30 హెర్ట్జ్ (సెకనుకు 30 సార్లు) దగ్గరే ఆగిపోతుంది, మౌస్ బాణం తడబడుతూ కదులుతుంది. అక్కడ ఏ డ్రైవరూ ఏమీ చేయలేదు, 1920×1080కి దిగితే 60 దొరుకుతుంది. 60కి బదులు 59.94 అని కనిపించడం లోపం కాదు.

మానిటర్ భరించలేని మోడ్ ఎంచుకుని తెర నల్లబడితే ఏ మీటా నొక్కకుండా 15 సెకన్లు ఆగండి, విండోస్ తానే పాత మోడ్‌కు వస్తుంది. చీకట్లో ఏదో ఒక మీట నొక్కితే తప్పు మోడ్‌నే ఖాయం చేసే ప్రమాదం ఉంది. అలా జరిగితే స్టార్టప్ సెట్టింగ్స్‌లో (విండోస్ తెరుచుకునే ముందు వచ్చే మరమ్మతు జాబితాలో) 3 నొక్కి తక్కువ రెజల్యూషన్‌తో లోపలికి వెళ్లి సరిదిద్దుకోవాలి.

అభ్యాసంగా మీ తెరపై వృత్తాన్ని కొలిచి, ఆ రెండు పేర్లను నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. రెండు మానిటర్లు తగిలించే 5వ పాఠంలో వాటితోనే మొదలుపెడతాము.