గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చబోతున్నారా? తెర వెలుగుతుండగానే ఈ ఏర్పాట్లు చేసుకోండి

కంప్యూటర్‌లోని ఒక్కో భాగాన్ని నడిపించే సాఫ్ట్‌వేరే డ్రైవర్. తెర మీద బొమ్మ చూపించే చిప్‌ను నడిపేది గ్రాఫిక్స్ డ్రైవర్. మిగతా డ్రైవర్లు చెడితే ఏదో ఒకటి ఆగిపోతుంది. శబ్దం రాదు, లేదా వైఫై దొరకదు. అయినా ఏం జరిగిందో తెర మీద చదువుకుని సరిచేసుకోవచ్చు. గ్రాఫిక్స్ డ్రైవర్ చెడితే ఆ చదువుకునే తెరే పోతుంది. లోపల విండోస్ గానీ లినక్స్ గానీ చక్కగా నడుస్తూనే ఉండవచ్చు, మన ఎదుట మాత్రం నల్లటి అద్దం మిగులుతుంది. అందుకే ఈ ఒక్క పనికి మరమ్మతు సరంజామా అంతా ముందే సిద్ధం కావాలి.

మా అన్నయ్య కూతురు ప్రాజెక్టు సమర్పించవలసిన రోజుకు ముందు రాత్రి ఈ పని చేసింది. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త డ్రైవర్ కావాలని అడిగితే వేసేసింది. తిరిగి ఆన్ చేస్తే కంపెనీ గుర్తు కనిపించింది, ఆ తర్వాత అంతా చీకటి. "బాబాయ్, లాప్‌టాప్ చచ్చిపోయింది" అని ఫోన్‌లో ఏడ్చింది. విండోస్‌ను అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే నడిపే సేఫ్ మోడ్‌కు దారి చెప్పాను. ఆ దారిలో ఒక నీలి తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది. అలాంటి కీ ఒకటి ఉందనే ఆమెకు తెలియదు. అది ఎప్పుడో తెరిచి మరచిపోయిన ఖాతాలో ఉంది. ఆ ఖాతా పాస్‌వర్డ్ తిరిగి సంపాదించేసరికి రాత్రి రెండు దాటింది. చెడిన డ్రైవర్‌ను తీసేయడానికి పట్టింది పది నిమిషాలే. ఆ రాత్రి నుంచి ఎవరు డ్రైవర్ గురించి అడిగినా నేను మొదట కీ గురించే చెబుతున్నాను.

ముందుగా ఆ 48 అంకెలు

విండోస్ 10, 11 ఉన్న చాలా లాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్క్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మారుతుంది. మీరు ఏ బటనూ నొక్కి ఉండరు, అయినా అయిపోయి ఉంటుంది. మామూలు రోజుల్లో దీని ఉనికే తెలియదు. రికవరీ తెర నుంచి సేఫ్ మోడ్‌కు వెళ్లబోయినా, ఆన్ చేయగానే మొదట నడిచే బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే మొదలుకానిచ్చే రక్షణ) మార్చినా యంత్రం అనుమానపడి కీ అడగవచ్చు.

కాబట్టి ఈ రోజే మీ మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి రికవరీ కీ చూడండి. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుగా ఉంటుంది. ఒకే ఖాతాలో రెండు మూడు యంత్రాల కీలు ఉండవచ్చు కనుక కీ గుర్తింపు సంఖ్యను కూడా దాని పక్కనే రాసుకోండి. కాగితం మీద రాయండి, లేదా ఫోన్‌లో ఉంచండి. అదే లాప్‌టాప్‌లో ఫైలుగా దాచుకుంటే, తాళంచెవిని ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టే. ఆఫీసు వారు ఇచ్చిన లాప్‌టాప్ అయితే కీ సాధారణంగా వారి ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. వారిని అడగకుండా డ్రైవర్ జోలికి పోకండి.

ఈ కీ ఎంత ముఖ్యమో 2024 జూలై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నిలిచిపోయాయి. అది గ్రాఫిక్స్ డ్రైవర్ కాదు గానీ మందు ఒకటే: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి చెడిన ఫైలును తీసేయడం. ఎన్‌క్రిప్ట్ అయిన యంత్రాల దగ్గర ఆ చిన్న పనికి కూడా ముందు కీ వెతుక్కోవలసి వచ్చింది.

మీ లాప్‌టాప్‌లో ఎన్ని గ్రాఫిక్స్ చిప్‌లు ఉన్నాయి?

ఇది తెలియకుండా డ్రైవర్ మార్చేవారే ఎక్కువ. గేమింగ్, డిజైన్ పనులకు కొనే లాప్‌టాప్‌లలో సాధారణంగా రెండు ఉంటాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ చిప్, రెండోది విడిగా ఉండే ఎన్విడియా లేదా ఏఎమ్‌డీ చిప్. చాలా నమూనాల్లో లాప్‌టాప్ సొంత తెర మొదటి దానికే కలిపి ఉంటుంది. విడి చిప్ బొమ్మను తయారుచేసి మొదటి చిప్‌కు అందిస్తుంది, అది తెర మీద చూపిస్తుంది. కొన్ని లాప్‌టాప్‌లలో తెరను నేరుగా విడి చిప్‌కు మళ్లించే స్విచ్ కూడా ఉంటుంది.

దీన్నిబట్టి రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. విడి చిప్ డ్రైవర్ చెడితే ఆటలు ఆడకపోవచ్చు గానీ తెర బతికే అవకాశం ఎక్కువ. ప్రాసెసర్‌లోని చిప్ డ్రైవర్‌ను తాకితే తెరకే ఎసరు. "ఎన్విడియా ఉంది కదా, ఇంటెల్ డ్రైవర్ ఎందుకు" అనుకుని దాన్ని తీసేసి చిక్కుల్లో పడినవారిని చూశాను. రెండోది, చాలా యంత్రాల్లో హెచ్‌డీఎమ్‌ఐ రంధ్రం విడి చిప్‌కు కలిపి ఉంటుంది కనుక, సొంత తెర చీకటైనా టీవీకి గానీ బయటి మానిటర్‌కు గానీ కలిపితే బొమ్మ రావచ్చు. హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ ఒకటి పక్కన పెట్టుకోండి.

విండోస్‌లో యంత్ర భాగాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ల వరుస తెరిచి, అక్కడున్న పేర్లనూ, ఒక్కోదాని డ్రైవర్ వెర్షన్ సంఖ్యనూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. రేపు వెనక్కి వెళ్లాలంటే ఏ వెర్షన్‌కు వెళ్లాలో ఆ ఫొటోయే చెబుతుంది.

పాత చిప్ ఉన్నవారికి ఒక హెచ్చరిక. ఎన్విడియా కొత్త డ్రైవర్లు అన్ని చిప్‌లకూ పనిచేయవు. ఫెర్మి తరానికి 390 వరుస చివరిది, కెప్లర్ తరానికి 470, మాక్స్‌వెల్, పాస్కల్ తరాలకు 580. అంతకు మించినది వేస్తే డ్రైవర్ మీ చిప్‌ను గుర్తించనే గుర్తించదు. చిప్ పేరు, తరం చూసుకున్నాకే డౌన్‌లోడ్ చేయండి.

పెన్‌డ్రైవ్‌లో ఏమేమి ఉండాలి

ఇప్పుడు బాగా పనిచేస్తున్న డ్రైవర్ తాలూకు ఇన్‌స్టాలర్ ఉండాలి. లాప్‌టాప్ తయారీదారు వెబ్‌సైట్‌లో మీ మోడల్ పేజీలో అది దొరుకుతుంది. చిప్ కంపెనీ సైట్‌లోది కొత్తదే కావచ్చు గానీ, ఒక్కోసారి తయారీదారు తమ తెరకు తగినట్టు చేసిన మార్పులు అందులో ఉండవు. ఇబ్బంది వస్తే మొదట తిరిగి వేయవలసింది తయారీదారుదే. సేఫ్ మోడ్‌లో వైఫై రాకపోవచ్చు కనుక దీన్ని ముందే దింపుకోవాలి.

వేరొక పెన్‌డ్రైవ్‌ను విండోస్ ఇన్‌స్టలేషన్‌కు పనికొచ్చేలా తయారుచేసుకోండి, 8 జీబీ చాలు. తయారుచేసేటప్పుడు అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కనుక ఖాళీది తీసుకోండి. ఫొటోలు, చదువు పత్రాలు, లెక్కల ఫైళ్లు ఇంకో డిస్క్‌లోకి నకలు తీసుకోవాలి. డ్రైవర్ చెడినంత మాత్రాన ఫైళ్లు పోవు. కంగారులో మనం నొక్కే బటన్ల వల్ల పోతాయి.

సిస్టమ్ రిస్టోర్ చాలా లాప్‌టాప్‌లలో ఆపి ఉంటుంది. సి డ్రైవ్‌కు దాన్ని ఆన్ చేసి, డ్రైవర్ వేసే ముందు మీ చేత్తో ఒక రిస్టోర్ పాయింట్ పెట్టండి. ఇది డ్రైవర్లను, సిస్టమ్ ఫైళ్లను వెనక్కి తెస్తుంది, మీ సొంత ఫైళ్లను ముట్టుకోదు.

డ్రైవర్ వేసే గంట

మర్నాడు పరీక్షో ఇంటర్వ్యూనో ఉంటే ఆ రాత్రి డ్రైవర్ మార్చవద్దు. ఛార్జర్ తగిలించి ఉండాలి. విండోస్ అప్‌డేట్, బయోస్ అప్‌డేట్, గ్రాఫిక్స్ డ్రైవర్ మూడూ ఒకే రోజు చేయడం మహా ప్రమాదం. ఏది చెడగొట్టిందో ఆ తర్వాత ఎవరూ తేల్చలేరు. ఒకటి మార్చండి, రీస్టార్ట్ చేయండి, ఒక రోజు వాడండి, తర్వాతే రెండోది.

ఇన్‌స్టాల్ అవుతుండగా తెర కొన్ని క్షణాలు నల్లబడుతుంది, మిణుకుమంటుంది, అక్షరాలు ఒక్కసారిగా పెద్దవై మళ్లీ చిన్నవవుతాయి. అది సహజం. పాత డ్రైవర్ దిగి కొత్తది ఎక్కే ఘడియ అది. సరిగ్గా అప్పుడే భయపడి పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే సగం పాతది, సగం కొత్తది మిగిలి, లేని జబ్బు తెచ్చుకున్నట్టవుతుంది. కనీసం పావుగంట చేతులు కట్టుకుని కూర్చోండి.

పాత డ్రైవర్ ఆనవాళ్లన్నీ తుడిచేసే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉపకరణం మంచిదే గానీ, ప్రతిసారీ అవసరం లేదు. మామూలు పద్ధతి విఫలమైతేనే తీయండి. అదీ సేఫ్ మోడ్‌లో, ఇంటర్నెట్ ఆపి. లేకపోతే మీరు తుడుస్తుండగానే విండోస్ అప్‌డేట్ తనకు తోచిన డ్రైవర్‌ను తెచ్చి పెడుతుంది.

లినక్స్ వాడేవారికి

ఇక్కడ ప్రమాదం ఎక్కువ, బయటపడే దారులూ ఎక్కువే. మొదటి నియమం: ఎన్విడియా డ్రైవర్‌ను మీ డిస్ట్రిబ్యూషన్ (ఉబుంటు వంటి లినక్స్ రకం) ప్యాకేజీల నుంచే వేయండి. కంపెనీ సైట్ నుంచి దింపిన ఇన్‌స్టాలర్‌ను దాని మీదే వేస్తే రెండూ ఒకదాని ఫైళ్లను ఒకటి తొక్కుకుంటాయి. ఈ మిశ్రమాన్ని విడదీయడం నిజంగా కష్టం. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ చిప్ ఉంటే ఓపెన్ కర్నల్ మాడ్యూల్ (లినక్స్ మూలభాగమైన కర్నల్‌లో చేరే డ్రైవర్ ముక్క) రకమే కావాలి, పాత రకం దాని మీద నడవదు.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, ఉబుంటు వంటివి ఇన్‌స్టాల్ సమయంలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటాయి. రీస్టార్ట్ కాగానే నీలి తెర వచ్చి కీ నమోదు చేయమంటుంది (ఇది ఆ 48 అంకెల కీ కాదు, ఇక్కడ అడిగేది మీరు పెట్టిన ఆ పాస్‌వర్డే). అది కొద్ది సెకన్లే ఆగుతుంది. టీ తెచ్చుకోవడానికి లేచి వెళితే ఆ అవకాశం జారిపోయి, డ్రైవర్ ఉన్నా లోడ్ కాదు. రీస్టార్ట్ అయ్యేదాకా కుర్చీ వదలకండి.

డ్రైవర్ వేసే ముందు, లినక్స్‌ను మొదలుపెట్టే గ్రబ్ అనే ప్రోగ్రామ్ మెనూ తెరవడం సాధన చేయండి. కొత్త యంత్రాల్లో ఆన్ చేయగానే ఎస్కేప్ మీట, పాత వాటిలో షిఫ్ట్. మెనూలో మొదటి వరుస మీద ఉండి ఆంగ్ల e అక్షరం మీట నొక్కితే బూట్ వాక్యాలు కనిపిస్తాయి. లినక్స్ (linux) అనే మాటతో మొదలయ్యే వరుస చివర, ఒక ఖాళీ వదిలి, నోమోడ్‌సెట్ (nomodeset) అని చేర్చాలి. ఆంగ్లంలో, అన్నీ చిన్న అక్షరాలు, నడుమ ఖాళీ ఉండకూడదు. తర్వాత ఎఫ్10. ఇది ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది కనుక ప్రయోగానికి భయం లేదు. తెర పక్కాగా కనిపించకపోయినా చెడిన ప్యాకేజీని తీసేసేంత వెలుగు వస్తుంది.

పాత కర్నల్‌ను తీసేయకండి. కర్నల్ మారినప్పుడల్లా ఎన్విడియా మాడ్యూల్ దానికి తగ్గట్టు మళ్లీ తయారు కావాలి. అందుకు కావలసిన కర్నల్ హెడర్లు అనే ఫైళ్లు లేకపోయినా, బూట్ విభాగంలో చోటు నిండిపోయినా ఆ పని మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు గ్రబ్‌లోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి పాత కర్నల్‌తో బూట్ చేస్తే చాలాసార్లు అంతా మామూలుగా వస్తుంది.

అయినా తెర నల్లబడితే

మొదట గమనించవలసింది కంపెనీ గుర్తు. గ్రాఫిక్స్ డ్రైవర్ లోడ్ అయ్యేది ఆపరేటింగ్ సిస్టమ్ మొదలయ్యాకే. గుర్తు కనిపించి, బయోస్ తెర తెరుచుకుంటే తెర, దాని కేబుల్ బాగున్నట్టే. గుర్తు కూడా రాకపోతే ఛార్జర్, మెమరీ, మదర్‌బోర్డు వైపు చూడాలి. డిస్‌ప్లే స్విచ్‌ను మీరే మార్చి ఉంటే తప్ప అది డ్రైవర్ తప్పు కాదు.

క్యాప్స్ లాక్ నొక్కండి. దీపం వెలిగి ఆరుతుంటే సిస్టమ్ బతికే ఉంది. విండోస్‌లో విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలు పట్టుకుని బి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలవుతుంది, ఒక్కోసారి ఇదొక్కటే చాలు. లినక్స్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కితే అక్షరాల తెర రావచ్చు.

ఫలితం లేకపోతే విండోస్ లోడ్ అవుతుండగా పవర్ బటన్ పట్టుకుని ఆపండి. వరుసగా రెండు మూడు సార్లు ఇలా చేస్తే రికవరీ తెర వస్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆపై 4 అంకె. సేఫ్ మోడ్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, గ్రాఫిక్స్ చిప్‌కు పాత డ్రైవర్‌ను తిరిగి తెచ్చే రోల్ బ్యాక్ నొక్కండి. అది నొక్కడానికి వీల్లేకుండా మసకగా ఉంటే డ్రైవర్‌ను తీసేయండి. రీస్టార్ట్ చేశాక విండోస్ తన ప్రాథమిక డ్రైవర్‌తో తెర చూపిస్తుంది. సేఫ్ మోడ్‌కు కూడా వెళ్లలేకపోతే అదే రికవరీ తెరలో సిస్టమ్ రిస్టోర్ ఉంది.

అదే చోట రీసెట్ అనే మాట కూడా ఎదురవుతుంది. ఫైళ్లు ఉంచుతామన్నా, మీరు వేసుకున్న సాఫ్ట్‌వేర్లన్నీ తీసేస్తుంది. డ్రైవర్ ఒక్కటి చెడినందుకు ఇల్లంతా ఖాళీ చేయనక్కరలేదు. మిగతా దారులన్నీ మూసుకుపోయాకే దాని వైపు చూడండి.

తెర వచ్చాక ఇంటర్నెట్ కలిపే ముందు పెన్‌డ్రైవ్‌లోని పాత డ్రైవర్ వేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో అప్‌డేట్లను కొన్ని వారాలపాటు ఆపి ఉంచండి. చెడగొట్టిన వెర్షన్ సంఖ్యను కీ రాసుకున్న కాగితం మీదే, దాని కింద రాసిపెట్టండి. మూడు నెలల తర్వాత అదే వెర్షన్ మళ్లీ ఎదురైతే గుర్తుపట్టడానికి పనికొస్తుంది.