పసిపిల్ల బొటనవేలు వంగి నిలిచిపోతే

తాటిముంజ చేతికిస్తే బొటనవేలితో గుచ్చలేక చూపుడువేలితో తంటాలు పడుతోందంటే, ఓసారి ఆ వేలు చూడండి. గోటి దగ్గరి కణుపు వంగిపోయి, ఎంతకీ తిన్నగా రాదు. ఏడాది నుంచి మూడేళ్ల లోపు ఎక్కువగా బయటపడుతుంది. "ఎక్కడో పడి బెణికింది" అని ఆముదం రాసి గట్టిగా లాగేస్తుంటారు. అది బెణుకు కాదు, కట్టు కట్టించినా లాభం లేదు.

బొటనవేలి మొదట్లో, అరచేతివైపు మడత మీద తడిమితే కందిగింజంత బుడిపె తగులుతుంది. వేలిని వంచే స్నాయువు (కండను ఎముకకు కలిపే తాడులాంటిది) అక్కడ లావెక్కి, పుల్లీ అనే సన్నటి గొట్టంలో దూరడం లేదన్నమాట. లంగాబొందుకు ముడి పడితే కుట్టు దగ్గర ఇరుక్కోదూ, అలాగే. సాధారణంగా నొప్పి ఉండదు. రెండో చెయ్యీ చూడండి, కొందరికి రెండింటికీ ఉంటుంది.

తొందరేమీ లేదు. కొన్నేళ్లలో చాలామందికి దానంతటదే తగ్గుతుంది. ఈలోగా డాక్టరు చూపిస్తే ఇంట్లో సాగదీయొచ్చు: ఒక చేత్తో వేలి మొదటి కణుపు కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో కొనను నెమ్మదిగా వెనక్కి తెచ్చి 5 సెకన్లు ఆపండి. 10 సార్లు, రోజుకు రెండు మూడు విడతలు. మొదలు పట్టుకోకపోతే ఆ కణుపే వెనక్కి విరుచుకుంటుంది, బిగిసిన కణుపు అలాగే ఉంటుంది. అందరూ చేసే తప్పు ఇదే. పిల్ల ఏడిస్తే ఆపేయండి. రాత్రిపూట స్ప్లింటు (వేలిని తిన్నగా పట్టి ఉంచే బద్ద) కూడా ఇస్తారు గానీ, పసివాళ్లు దాన్ని ఉంచుకోరు. పెద్దలకిచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్ పిల్లలకు సాధారణంగా వాడరు.

మూడేళ్ల వయసు దాటినా బిగిసే ఉంటే సాధారణంగా ఆపరేషన్ చేస్తారు. మడతలో చిన్న గాటు పెట్టి ఆ పుల్లీని విడదీస్తారు. చర్మం కిందే స్పర్శ నరం ఉంటుంది కాబట్టి పిల్లల చేతులు చేసిన అనుభవమున్న సర్జన్‌నే చూసుకోండి. పూర్తి మత్తు ఇస్తారు: అన్నం, బిస్కెట్లు, గేదెపాలు 6 గంటల ముందే ఆపాలి, తల్లిపాలు 4, మంచినీళ్లు 2. లంక గ్రామాల నుంచి తెల్లవారుజామునే కాకినాడ బయల్దేరే వాళ్లు దారిలో ఓ బిస్కెట్ పెట్టేస్తారు, ఆపరేషన్ వాయిదా పడుతుంది.

తర్వాత రెండు వారాలు కట్టు తడవకూడదు. కాలవ, రొయ్యల చెరువు, బురద వద్దు. ఎర్రబడినా, చీము పట్టినా, జ్వరమొచ్చినా వెంటనే చూపించండి. వేలు మాత్రం ఆడించనివ్వండి.

బొటనవేలు కాక వేరే వేలు ఇలా వంగితే సంగతి వేరు. అది అరుదు, లోపలి స్నాయువుల అమరికే తేడాగా ఉండొచ్చు, ఒక్క పుల్లీ విడదీస్తే చాలకపోవచ్చు. ఎదురుచూడకుండా చేతి సర్జన్‌కు చూపించండి.