మినియేచర్ గుర్రప్పిల్ల నీరసంగా ఉంటే కారణం ఎలా కనిపెట్టాలి?

మినియేచర్ గుర్రం పూర్తిగా ఎదిగినా, జూలు ముగిసే చోట కొలిస్తే 34 అంగుళాలు దాటకూడదన్నది అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ నియమం. అంత చిన్న ఒంట్లో జబ్బు ముదరడానికి ఎక్కువ టైమ్ పట్టదు. నిన్నటిదాకా గెంతులేసిన పిల్ల ఇవాళ ఓ మూల తల వేలాడేసుకుని నిలబడితే, "ఎండకు అలిసిపోయిందేమోలే" అని వదిలేయకండి.

అన్నిటికన్నా ముందు మేత తింటోందా లేదా చూడండి. నా దృష్టిలో ఇదే అసలైన ప్రశ్న. మేత మానేసిన మినియేచర్ గుర్రాల్లో ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలోకి విపరీతంగా చేరుతుంది, కాలేయం దెబ్బతింటుంది. దీన్ని హైపర్‌లిపీమియా అంటారు. పెద్ద జాతి గుర్రాల్లో ఇది అరుదు. పోనీలు, గాడిదలు, మినియేచర్లకే ఈ ముప్పు ఎక్కువ, ప్రాణం కూడా పోవచ్చు. మొదటి జబ్బు చిన్నదే అయినా, తిండి మానేయడం వల్ల ఈ రెండోది వచ్చి పడుతుంది. ఒక పూట మేత అసలు ముట్టకపోతే తెల్లారేదాకా ఆగకుండా పశువైద్యుడికి ఫోన్ చేయండి. లావుగా ఉందని ఒక్కసారిగా మేత తగ్గించడం కూడా ఇందుకే ప్రమాదం.

పాలు తాగే పిల్లయితే తల్లి పొదుగు చూడండి. పొదుగు బిగిసి పాలు కారుతున్నాయంటే పిల్ల తాగడం లేదన్నమాట. పసిపిల్ల ఎక్కువసేపు నిద్రపోవడం మామూలే కానీ, లేచి పాలు తాగకపోవడం మాత్రం అత్యవసరం.

తర్వాత జ్వరం చూడండి. థర్మామీటర్‌ను మలద్వారంలో పెట్టి చూడాలి. పెరిగిన గుర్రానికి 99 నుంచి 101 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు, పిల్లలకు కాస్త ఎక్కువ ఉంటుంది. 102 దాటితే ఇన్ఫెక్షన్ ఉందేమోనని అనుమానించాలి. ఆరు నెలల లోపు పిల్లల్లో న్యుమోనియా పైకి దగ్గు లేకుండానే ముదరవచ్చు, కాబట్టి ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎగరేస్తోందేమో గమనించండి. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఆ రంగు తిరిగి రావాలి. పాలిపోయి ఉంటే రక్తహీనత కావచ్చు. మన దగ్గర పెంచేవాళ్లు జోరీగల వల్ల వచ్చే సర్రా జబ్బును కూడా గుర్తుపెట్టుకోవాలి: వచ్చిపోయే జ్వరం, రక్తహీనత, కాళ్లలో వాపు.

ఇక చెయ్యి పెట్టి పక్కటెముకలు తడమండి. ఒత్తయిన బొచ్చు కింద పిల్ల ఎంత చిక్కిపోయిందో కంటికి తెలియదు. పొట్ట ఉబ్బి, వెన్ను మీద కండ లేకపోతే నులిపురుగులే కావచ్చు. పిల్లల్లో ముఖ్యంగా ఏలికపాములు. అలాగని ఊహించి మందు పోసేయకండి. పురుగులు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు అన్నీ ఒకేసారి చస్తే పేగుకు అడ్డంపడతాయి. ముందు లద్దె పరీక్ష చేయించండి, ఛాతీ చుట్టూ టేప్ పెట్టి బరువు అంచనా కట్టండి, ఆపైనే డాక్టర్ చెప్పిన మోతాదు వేయండి. పెద్ద గుర్రానికిచ్చే మందు గొట్టం నుంచి చూపుతో కొలిచి వేస్తే మోతాదు ఎక్కువైపోతుంది. మాక్సిడెక్టిన్ అనే నులిపురుగుల మందు విషయంలో మరీ జాగ్రత్త.

లద్దె వేయకుండా పొట్టవైపు చూసుకుంటూ, పొర్లుతూ ఉంటే కడుపునొప్పి. అది కూడా వెంటనే డాక్టర్‌ను పిలవాల్సిన పరిస్థితే.

మేత నమిలి బయటకు ఉమ్మేస్తుంటే పళ్లు చూపించండి. పెద్ద గుర్రానికున్నన్ని పళ్లూ ఈ చిన్న దవడలో ఇరుక్కుని మొలుస్తాయి. నడవడానికే ఇష్టపడకపోతే గిట్టలు వేడిగా ఉన్నాయేమో, వెనక కాలి మోకాటి చిప్ప పక్కకు జారుతోందేమో చూడండి. నొప్పితో కదలని పిల్ల కూడా బద్ధకంగానే కనిపిస్తుంది.

డాక్టర్ వచ్చేసరికి జ్వరం ఎంతుందో, ఎప్పుడు చివరిసారి తిన్నదో, లద్దె ఎప్పుడు వేసిందో కాగితం మీద రాసి ఉంచండి. రక్త పరీక్ష చేసేటప్పుడు ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలోని కొవ్వు, కూడా చూడమని మీరే అడగండి.