ఆఫీసులో ఎవరికైనా చికెన్ పాక్స్ వస్తే ఏం చేయాలి

ఎండలు మొదలవగానే ఎవరో ఒకరు "అమ్మవారు పోసింది సార్, రాలేను" అని ఫోన్ చేస్తారు, అప్పుడు మేనేజర్ నోట్లోంచి ఫస్ట్ రావాల్సింది "రెస్ట్ తీస్కో" అని, "లాప్‌టాప్ ఇంట్లోనే ఉందా" అని కాదు.

పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా అంటుకుంటుంది, మామూలుగా ఓ వారం. జ్వరం తగ్గింది కదా అని మూడో రోజే పిలవొద్దు. అసలు చిక్కేంటంటే పొక్కులు రాకముందు ఒకట్రెండు రోజుల నుంచే అంటుకుంటుంది, అంటే మొన్న మీటింగ్ రూంలో తలుపులేసుకుని ఏసీలో కూర్చున్నవాళ్ళందరికీ చెప్పాలి. పేరు మాత్రం వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకండి ప్లీజ్, మా పాత ఆఫీసులో అలాగే పెట్టేశారు, పాపం ఆ పిల్ల తిరిగొచ్చాక కూడా లంచ్‌లో పక్కన ఎవరూ కూర్చోలేదు. "మన ఫ్లోర్‌లో ఒకరికి వచ్చింది, మీకు ఇంతకుముందు రాకపోతే డాక్టర్‌ని అడగండి" అంటే చాలు. ప్రెగ్నెంట్ వాళ్ళకీ, క్యాన్సర్ మందులు వాడేవాళ్ళకీ విడిగా, ఆ రోజే చెప్పాలి. గర్భిణులకీ, క్యాన్సర్ మందులు వాడేవాళ్ళకీ చికెన్ పాక్స్ వ్యాక్సిన్ వేయరు, ఇంతకుముందు రాని మిగతావాళ్ళు ఆ మనిషిని కలిసిన 3 నుంచి 5 రోజుల్లోపు వేయించుకుంటే పనికొస్తుంది. లక్షణాలు 10 నుంచి 21 రోజుల్లో బయటపడతాయి కాబట్టి 3 వారాలు ఓ కన్నేసి ఉంచండి.

ఇక జీతం. ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉండి, చందా కట్టిన రోజులు సరిపోతే డాక్టర్ సర్టిఫికెట్ మీద జీతంలో 70 శాతం వస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. ఆ పేపర్ల పని హెచ్ఆరే చూస్కోవాలి, ఒళ్ళంతా దురదతో ఉన్న మనిషిని తిప్పొద్దు.

వేపాకు స్నానం అయ్యాకే వస్తానంటే రానివ్వండి, మీరు చూడాల్సింది మాత్రం చెక్కులు కట్టాయా లేదా అన్నదే.