వానలు ముదిరేలోపు మీ వీధి క్లినిక్‌ని ఒకసారి చూసి రండి

జులై నుంచి అక్టోబరు దాకా మన ఊళ్లలో జ్వరాల కాలం. డెంగీ, మలేరియా, టైఫాయిడ్, మామూలు వైరల్ జ్వరం, అన్నీ ఒకేసారి దిగుతాయి. సాయంత్రం ఆరు దాటితే వీధి చివరి క్లినిక్‌లో కుర్చీ దొరకదు. ఒళ్లు కాలిపోతున్న పిల్లాణ్ని ఎత్తుకున్న తల్లి గోడ మీద సర్టిఫికెట్ చదువుతుందా, సిరంజి కొత్తదేనా అని నిలదీస్తుందా? అందుకే ఇంట్లో అందరూ బాగున్న రోజునే వెళ్లి చూసి రావాలి. బీపీ చూపించుకోవడానికి వచ్చామంటే చాలు. రద్దీ లేని వేళ వెళ్తే కాంపౌండరు కూడా తీరిగ్గా మాట్లాడతాడు.

ముందు చూడాల్సింది డాక్టరు గది కాదు, ఇంజెక్షన్ వేసే బల్ల. ఏసీ, గాజు తలుపులు డబ్బు పెడితే వస్తాయి. అక్కడి అలవాట్లు బయటపడేది ఆ బల్ల దగ్గరే. సిరంజి ప్యాకెట్ మీ కళ్ల ముందే చింపాలి. ముందుగానే మందు నింపి ట్రేలో వరసగా పేర్చిన సిరంజిలు కనిపిస్తే జాగ్రత్తపడండి. టైం కలిసొస్తుందని చేసే పని అది, కానీ ఏ సిరంజిలో ఏ మందుందో, ఎప్పుడు నింపారో కాంపౌండరుకే తెలియాలి. మందు సీసా రబ్బరు మూతకి సూది గుచ్చి అలాగే వదిలేశారేమో కూడా చూడండి. ఒక్కసారి వాడాల్సిన సూదితో పదిమందికి మందు లాగడానికి చేసుకున్న ఏర్పాటు అది. అది చూశాక ఆ క్లినిక్ గురించి నేనైతే ఇంక ఆలోచించను.

వాడేసిన సూదిని కట్టర్‌లో తుంచాలి. అది పోవాల్సింది సూది దిగని గట్టి తెల్ల డబ్బాలోకి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూదికి పసుపు సంచి, సెలైన్ గొట్టాలకీ సూది తీసేసిన సిరంజిలకీ ఎరుపు, గాజు సీసాలకి నీలం. ఇవేవీ లేకుండా అన్నీ ఒకే అట్టపెట్టెలో పడుతుంటే ఆ పెట్టె మున్సిపాలిటీ చెత్త బండిలోకే పోతుందని అనుమానించాలి. ఆ సూదులు గుచ్చుకునేది చెత్త వేరుచేసే పారిశుద్ధ్య కార్మికుల చేతులకి.

సూది విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో వాడిన సిరంజిలే మళ్లీ వాడడంతో ఈ జబ్బు పాకి పదుల మంది చనిపోయారు. 2018 మొదట్లో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా బంగర్‌మవులో పదుల మందికి హెచ్ఐవీ బయటపడింది. చవగ్గా వైద్యం చేస్తానంటూ తిరిగిన ఒక వ్యక్తి ఒకే సిరంజితో చాలామందికి ఇంజెక్షన్లు వేశాడని అప్పట్లో అధికారులు ఆరోపించారు. అడగడానికి మొహమాటంగా ఉంటే మందుల షాపులో సిరంజి మీరే కొని తీసుకెళ్లండి. పది రూపాయల్లోపు ఖర్చు.

ఆ తర్వాత గోడలు చూడండి. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నిబంధనల ప్రకారం డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లోనూ, రాసిచ్చే చీటీ మీదా, రసీదు మీదా ఉండాలి. ఫీజు బోర్డు కూడా పెట్టాలి. ఆ పేరు, నంబరు రాసుకుని జాతీయ మెడికల్ కమిషన్ సైట్‌లోని ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో గానీ, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ సైట్‌లో గానీ వెతకండి. అంతకన్నా ముఖ్యంగా, బోర్డు మీదున్న డాక్టరూ కుర్చీలో కూర్చున్న మనిషీ ఒకరేనా అన్నది తేల్చుకోవాలి. పేరు ఒకరిది, వైద్యం మరొకరిది అయ్యే చోట్లకి మన దగ్గర కొదవలేదు. అర్హత లేకుండా ప్రాక్టీసు చేస్తున్నవాళ్లపై 2024లో తెలంగాణ మెడికల్ కౌన్సిల్ వరసగా తనిఖీలు చేసింది కూడా.

పల్లెల్లో అర్ధరాత్రి తలుపు తడితే లేచొచ్చేది డాక్టరు డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్ఎంపీ గారే, కాదనను. బీపీ చూడడానికి, గాయానికి కట్టు కట్టడానికి, పెద్దాసుపత్రికి తోడు రావడానికి ఆయన కావాలి. యాంటీబయాటిక్ ఇంజెక్షన్, సెలైన్, స్టెరాయిడ్ మాత్రం ఆయన చేతి మీద వద్దు. మన వైపు తప్పు కూడా కొంత ఉంది. సూది వేయని డాక్టరు చేతకానివాడనీ, సెలైన్ ఎక్కిస్తే ఒంటికి బలమనీ మనమే అనుకుంటాం. నోటితో తాగగలిగినవాళ్లకి చాలావరకు ఓఆర్ఎస్ సరిపోతుంది. ఇక చాలాచోట్ల ‘స్ట్రాంగ్ డోసు’ పేరుతో వేసేది డెక్సా. అది స్టెరాయిడ్. గంటల్లో జ్వరం దిగుతుంది, లోపలి జబ్బు మాత్రం ఎక్కడికీ పోదు. వేసిన ఇంజెక్షన్ పేరు చీటీ మీద రాయమని అడిగి చూడండి. రాయనంటే అక్కడ వేయించుకోకండి.

ఇంజెక్షన్ పడకపోతే ఏం చేస్తారని కూడా అడగాలి. మందు పడక ప్రాణం మీదికి వస్తే వెంటనే వేసే అడ్రినలిన్ ఆంపుల్ అందుబాటులో ఉండాలి, దాని ఎక్స్‌పైరీ దాటకూడదు, ఆక్సిజన్ సిలిండర్ ఖాళీది కాకూడదు. మంచి చోట ఇంజెక్షన్ వేశాక పావుగంట, అరగంట కూర్చోబెట్టి పంపుతారు. టీకాలు వేసే క్లినిక్ అయితే ఫ్రిజ్‌లో థర్మామీటర్ ఉందా, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటోందా అని చూడండి. అదే ఫ్రిజ్‌లో టిఫిన్ డబ్బా కనిపిస్తే మిగతాది మీకే తెలుస్తుంది.

పిల్లలున్న ఇంటివాళ్లు బరువు తూచే మిషన్ ఉందో లేదో చూసుకోవాలి. పారాసిటమాల్ డోసు కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. బరువు చూడకుండా ‘ఒక మూత పోయండి’ అనే డాక్టరు దగ్గరికి మా ఇంటి పిల్లల్ని తీసుకెళ్లను.

డెంగీ అనుమానం వచ్చినప్పుడు ఆ క్లినిక్ ఏం చేస్తుందో ముందే అడిగి ఉంచుకోండి. జ్వరం మొదలైన ఐదు రోజుల్లో అయితే ఎన్ఎస్1 అనే రక్తపరీక్ష, తర్వాత ఐజీఎం అనే రక్తపరీక్ష. అక్కడికక్కడే ఫలితం చెప్పే కార్డు టెస్టు ఒక్కదాన్నే నమ్ముకోకుండా ల్యాబులో చేసే ఎలీసా పద్ధతిలో ఖాయం చేయించాలి. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు యాభై వేలకి పడ్డాయని, రక్తస్రావం ఏమీ లేకపోయినా, ఎక్కించాలంటూ హడావిడి పెట్టే చోట అనుమానపడాలి. రక్తస్రావం లేనప్పుడు సాధారణంగా 10 వేల దిగువకి పడితేనే ఆ ఆలోచన చేస్తారు. మంచి డాక్టరు జ్వరం తగ్గిన రోజు కూడా రమ్మంటాడు, ఎందుకంటే డెంగీలో అసలు గండం జ్వరం దిగాకే మొదలవుతుంది. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మరీ మగతగా ఉండడం, వీటిలో ఏది కనిపించినా క్లినిక్ కాదు, పడకలున్న ఆసుపత్రి కావాలి. క్లినిక్ రాత్రి మూసేశాక ఎక్కడికి వెళ్లాలో, అక్కడ పిల్లల డాక్టరు ఉంటారో లేదో ఇప్పుడే కనుక్కోండి. 108 ఎలాగూ ఉంది.

చీటీలు, రిపోర్టులు ఒక కవరులో దాచండి. మీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని అదే 2002 నిబంధనల్లో ఉంది. సిరంజి మళ్లీ వాడుతున్నారని గానీ, అర్హత లేని మనిషి వైద్యం చేస్తున్నాడని గానీ కళ్లారా చూస్తే తేదీ, సమయం, చూసిందేమిటో కాగితం మీద రాసి జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్ఓ) ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. రిజిస్టరైన డాక్టరు మీద ఫిర్యాదైతే మెడికల్ కౌన్సిల్‌కి కూడా పంపండి.